ఆయాని పెట్టుకుంటావా?

మేము ఉగాండా వెళ్తున్నామని చెప్పినప్పుడు మా నాయనమ్మ ఏడుస్తుందనుకున్నాను. 87 ఏళ్ళ మనిషి, చెవులు సరిగా వినపడవు, రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విన్నాక కాసేపు గోడ మీద సంఘం క్యాలెండర్ వైపు చూసి, "అక్కడ ఆయాని పెట్టుకుంటావా?" అని అడిగింది. అంతే. ఎందుకు పోతున్నారు, ఎన్నాళ్ళకి వస్తారు, పిల్లకాయలు ఏం తింటారు, ఇవేమీ అడగలేదు. నేను నవ్వేసి మాట మార్చాను గానీ ఆ ప్రశ్న నాలుగు నెలల నుంచి నన్ను వదల్లేదు. ఎందుకో చెప్పాలంటే చాలా చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి.

మా సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. నేను నర్సుని. మా ఆయన బోరింగులు బాగుచేస్తాడు, వాళ్ళ నాన్నదీ అదే పని. పాపకి ఆరేళ్ళు, బాబుకి రెండు. ఒంగోలులో మా క్రైస్తవ సంఘం, చుట్టుపక్కల ఇంకో అయిదు సంఘాలు కలిసి మమ్మల్ని మిషనరీలుగా పంపిస్తున్నాయి. వెళ్ళేది ఉగాండాకి వాయవ్య మూలన ఉన్న అరువా అనే ఊరికి. కాంగో సరిహద్దు పక్కనే, దక్షిణ సూడాన్ కూడా పెద్ద దూరం కాదు, రాజధాని కంపాలా నుంచి మాత్రం రోడ్డు మీద దాదాపు 500 కిలోమీటర్లు. ఊరి పేరు వినగానే మా మామయ్య "అరువా? ఏం, నగదు లేదా?" అన్నారు. ఆ జోకు ఇప్పటికి మా చుట్టాల్లో అందరూ తలా ఒకసారి వేసేశారు.

ఫారిన్ వెళ్తున్నారట అని ముందు సంతోషపడిన వాళ్ళంతా ఆఫ్రికా అనగానే ముఖం మార్చారు. మనకి ఫారిన్ అంటే డల్లాస్, అది కుదరకపోతే దుబాయ్. మా పెద్దత్త పాప బుగ్గలు పట్టుకుని "బంగారం లాంటి పిల్ల, ఆ ఎండకి నల్లబడిపోద్దే" అంది. ఒంగోలులో ప్రతి మే నెలా గడిపిన మనిషి అనాల్సిన మాటేనా? అరువా సముద్రమట్టానికి 1,200 మీటర్ల ఎత్తున ఉంది, మన రోహిణి కార్తె ముందు అక్కడి ఎండ ఏపాటిది. ఆమె బాధ ఎండ గురించి కాదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. దేవుడు తన పోలికలో మనిషిని చేశాడని ఆదివారం చదువుకుని, సోమవారం పెళ్ళి సంబంధం వస్తే పిల్ల రంగేంటి అని మొదట అడిగే జాతి మనది. నేను కూడా ఆ మాటకి వెంటనే ఏమీ అనలేకపోయాను, అదీ రాసుకోవాలి ఇక్కడ.

కాస్త చదువుకున్న వాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారు. ఉగాండాలో నూటికి 80 మందికి పైగా క్రైస్తవులే కదా, మీరెళ్ళి కొత్తగా చెప్పేదేముంది? మంచి ప్రశ్న. మా కమిటీలో కూడా ఒక పెద్దాయన ఇదే అడిగారు. 1877లోనే అక్కడికి మొదటి మిషనరీలు చేరారు, ఆ ఏడు మా ఒంగోలు ప్రాంతంలో ధాతు కరువు నడుస్తోంది. వయసులో వాళ్ళ సంఘాలూ మా సంఘాలూ దాదాపు ఒక ఈడువే. మేము వెళ్తున్నది అక్కడి సంఘం వాళ్ళు ఫలానా పని చేసేవాళ్ళు కావాలి అని అడిగితే. అరువాకి ఉత్తరాన యుంబే జిల్లాలో బిడిబిడి అని ఒక శరణార్థుల సెటిల్‌మెంట్ ఉంది. దక్షిణ సూడాన్‌లో యుద్ధం ముదిరినప్పుడు, 2016 ఆగస్టులో తెరిచారు. కొన్ని నెలల్లోనే అది 2 లక్షల మందికి పైగా ఉండే పెద్ద ఊరైపోయింది. ఊరు అని ఎందుకంటున్నానంటే ఉగాండాలో శరణార్థుల్ని కంచె వేసి లోపల కూర్చోబెట్టరు, గుడిసె వేసుకోవడానికి, ఇంత పండించుకోవడానికి స్థలం ఇస్తారు, పని చేసుకోవచ్చు, బయటికి వెళ్ళి రావచ్చు. అంతమంది ఒకేసారి వచ్చిపడితే ముందు కరువయ్యేది నీళ్ళు. అప్పుడు మా ఆయన అవసరం వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం బోరింగు గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే మా ఇంట్లో రోజూ నడిచే వాక్యోపదేశం అదే. మన ఊళ్ళల్లో కనపడే చేతి బోరింగు పేరు ఇండియా మార్క్ 2. 1970ల్లో మన దేశంలోనే తయారైంది, దాని మూలం షోలాపూర్‌లో వాడిన పంపు. ఉగాండా ప్రభుత్వం వాడే చేతి పంపుల పేర్లు యూ2, యూ3. ఏమనుకుంటున్నారు? ఆ యూ2 మన మార్క్ 2 యే, యూ3 మన మార్క్ 3 యే. మొదటిసారి ఫోన్లో అక్కడి పంపు ఫోటో పంపితే మా ఆయన దాన్ని పెద్దది చేసి చూసి, "చైనుకి గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయిందో చూడు" అన్నాడు. అంతే, ఆయన మనసు అప్పుడే అక్కడికి వెళ్ళిపోయింది. అక్కడి నేల నీళ్ళకి జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు, తొందరగా తుప్పు పట్టిపోతున్నాయట, నీళ్ళు ఎర్రగా వస్తే జనం ఆ పంపు వదిలేసి మళ్ళీ చెరువు గుంటకి పోతున్నారట. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన మనుషుల మధ్య పనిచేసిన వాడికి చెడ్డ నీళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈయన వెళ్ళి బాగుచేయడం కాదు వాళ్ళకి కావాల్సింది, అక్కడి కుర్రాళ్ళు ఇరవై మందికి పని నేర్పాలి. నేను ఒక చిన్న క్లినిక్‌లో తల్లీబిడ్డల దగ్గర పనిచేస్తాను, అక్కడి నర్సుల కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ వచ్చాకనే. దానికి ఇక్కడి నుంచి కావాల్సిన కాగితాల గురించి రాస్తే ఇంకో పోస్టవుతుంది, అది రాసే ఓపిక నాకు లేదు.

ప్రిపరేషన్ ఎలా జరుగుతోంది అని అడుగుతున్నారు అందరూ. బాగా జరుగుతోంది అని చెప్తున్నాం. నిజానికి మొదటి రెండు నెలలు తప్పు భాష నేర్చుకున్నాం.

నిజంగానే. ఉగాండా భాష అని వెతికితే లుగాండా వచ్చింది, యూట్యూబ్ పెట్టుకుని రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం కూర్చుని "ఒలీ ఒత్యా", "వెబాలె న్యో" అని బట్టీ పట్టాం. పాప మాకంటే ముందు నేర్చేసుకుని పాలబ్బాయికి కూడా "వెబాలె" చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత అరువాలో మేము కలిసి పనిచేయబోయే ఆవిడతో వీడియో కాల్లో ఎంతో గర్వంగా రెండు ముక్కలు మాట్లాడితే ఆవిడ పగలబడి నవ్వింది. లుగాండా కంపాలా వైపు భాష. అరువాలో మాట్లాడేది లుగ్బారా, రెండింటికీ చుట్టరికమే లేదు, బెజవాడ వెళ్ళడానికి కాశ్మీరీ నేర్చుకున్నట్టు అయింది మా పని. లుగ్బారాలో గొంతు పైకి లేపితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం. బిడిబిడిలో శరణార్థులు మాట్లాడేవి మళ్ళీ వేరే, అందులో జూబా అరబిక్ ఒకటి. ఇప్పటికి లుగ్బారాలో మాకు గట్టిగా వచ్చిన మాట "అవాదిఫో", అంటే థాంక్స్. భాష నేర్చుకోవడంలో మొదటి ఏడాదంతా మేము పసిపిల్లల కింద లెక్క అని ఆవిడ ముందే చెప్పేసింది. నర్సుగా పదకొండేళ్ళు పనిచేసి, పేషెంటుకి నొప్పి ఎక్కడుందో అడగడం కూడా రాని దానిలా మళ్ళీ మొదలుపెట్టాలన్న మాట. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గొడవ మన తెలుగు వాళ్ళందరికీ ఉండేదే కాబట్టి వదిలేస్తున్నాను. ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఉగాండాలో దిగాలంటే ఆ పసుపు పచ్చ కార్డు ఉండాల్సిందే, ఏడాది దాటిన పిల్లలకి కూడా. అన్ని హాస్పిటళ్ళలో వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మేము హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం. వేసుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు, చెల్లడం మొదలయ్యాక జీవితాంతం చెల్లుతుంది, పదేళ్ళ లెక్క 2016లోనే తీసేశారు. బాబుకి సూది వేస్తుంటే వాడు నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, నర్సు కొడుకువి రా నువ్వు, ఇంకా ఎన్ని పడాలో. నిజానికి నా భయం ఎల్లో ఫీవర్ కాదు, మలేరియా. ఆ ప్రాంతంలో మలేరియా బాగా ఎక్కువ. అయిదేళ్ళ లోపు పిల్లల్ని అది ఎంత తొందరగా దించేస్తుందో చదువుకున్న దాన్ని, చదువుకున్నందుకు ఇంకా భయం. దోమతెరలు ఇక్కడి నుంచే తీసుకెళ్తున్నాను, ఆరు.

ఇక డబ్బుల సంగతి. దీని గురించి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. నెలకి మాకు ఇంత కావాలి అని ఒక లెక్క వేసుకున్నాం, ఇంటద్దె, తిండి, పాప స్కూలు, ఇన్సూరెన్సు, రెండేళ్ళకోసారి టికెట్లు. ఆ లెక్క కాగితం పట్టుకుని సంఘాల చుట్టూ తిరగాలి. పాట పాడాలి, సాక్ష్యం చెప్పాలి, పాపని స్టేజీ ఎక్కించి వాక్యం చెప్పించాలి (దీని గురించి మా ఇద్దరికీ గొడవయింది, ఇప్పుడు ఎక్కించట్లేదు), చివర్లో సిగ్గు విడిచి అడగాలి. "తప్పకుండా ప్రార్థన చేస్తామమ్మా" అని చెప్పే వాళ్ళలో సగం మంది నిజంగా ప్రార్థన చేస్తారు, మిగతా సగానికి అది డబ్బు ఇవ్వలేం అని మర్యాదగా చెప్పడం. ఒక పెద్ద సంఘంలో, పేరు వద్దు, ఏసీ హాల్లో మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టి శాలువా కప్పి పంపించారు. మా ఇంట్లో ఇప్పుడు పదకొండు శాలువాలు ఉన్నాయి, అరువాలో పెద్ద చలి కూడా ఉండదు. అదే టంగుటూరు వైపు ఒక చిన్న సంఘంలో పొగాకు గ్రేడింగ్ పనికి పోయే అక్క ఒకామె నెలకి 200 ఇస్తానని చీటీ రాసిచ్చింది, సీజన్ లేని నెలల్లో వంద అని కింద బ్రాకెట్లో రాసింది. ఆ చీటీ నా బైబిల్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆదరణ కంటే ముందు భయం వస్తుంది నాకు. ఆ డబ్బుతో నేను అక్కడ ఎలా బతకాలి? వాషింగ్ మెషిన్ కొనొచ్చా?

ప్రతి సంఘంలోనూ మమ్మల్ని అడిగేది "పిలుపు ఎప్పుడు వచ్చింది?" అని. మనలో ఆ మాటకి ఎంత బలమంటే, పిలుపు వచ్చింది అనగానే ఇక ఎదుటివాళ్ళు నోరెత్తకూడదు. మా అమ్మకి మేము మొదట చెప్పింది కూడా అలాగే. "దేవుడు పిలిచాడమ్మా" అన్నాను. ఆమె ఏమంటుంది పాపం, మనవడి మీద బెంగతో దేవుడికి అడ్డంపడుతుందా? నెల తర్వాత నాకే అన్యాయం అనిపించింది. మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాను, పిలిచాడనే నమ్ముతున్నాను, అయినా అవును అన్నది నేను, నీకు కోపం వస్తే నా మీద పడు అని. అప్పుడు పడింది. బాగా పడింది. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత నుంచి ఫోన్లో మామూలుగా తిడుతోంది, అది నాకు హాయిగా ఉంది. బైబిల్లో ఆదికాండం 12వ అధ్యాయం మీద, దేవుడు పిలిస్తే అబ్రాహాము సొంతూరు వదిలి బయలుదేరడం మీద ఈ ఆరు నెలల్లో ఏడు ప్రసంగాలు విన్నాను. భార్య శారాకి ఎప్పుడు చెప్పాడో ఒక్కరూ చెప్పలేదు.

"మిషనరీలు మన దగ్గరికి రావాలి గానీ మనం వెళ్ళడమేంటి" అని ఒకాయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ఒంగోలు వాళ్ళకి అలా అనిపించడం సహజమే. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర 1854 జనవరి 1న తెల్లవారుజామున కొండెక్కి ప్రార్థన చేసిన కథ, ఆయన తర్వాత వచ్చిన క్లౌ దొర కథ, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన కథ, ఇవన్నీ మాకు ఉగ్గుపాలతో పోసినవి. అయితే 1903లో మన తెలుగు బాప్టిస్టులే, తమ సొంత కానుకలతో, నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపించారు. అక్కడ చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో పనిచేయడానికి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్ళిన తెలుగు వాళ్ళు వేలల్లో ఉన్నారు, 1860లో మొదటి ఓడ మద్రాసు నుంచే వెళ్ళింది. రంగయ్య గారు అదే ఏడాది డిసెంబరులో కియర్స్‌నీ అనే చోట తెలుగు బాప్టిస్టు సంఘం మొదలుపెట్టారు, 1915లో చనిపోయేదాకా అక్కడే. ఈ సంగతి నాకు 33 ఏళ్ళు వచ్చేదాకా ఒక్క సండే స్కూల్లోనూ ఎవరూ చెప్పలేదు, తెల్లదొరల పుట్టినరోజులు చెప్పారు గానీ. ఆయన గురించి చదువుతున్నప్పుడు నా బుర్రలో తిరిగింది ఒక్కటే, ఆయన భార్య ఏం సర్దుకుని ఉంటుంది? పచ్చడి జాడీ ఓడలో ఎక్కించనిచ్చారా?

ఇప్పుడు నాయనమ్మ.

మా నాయనమ్మ పెళ్ళయిన కొత్తలో, అంటే 1950ల చివర్లో, ఒంగోలులో ఒక మిషనరీ కుటుంబం దగ్గర ఆయాగా పనిచేసింది. మాకు చిన్నప్పుడు ఇది గొప్పగా చెప్పేవాళ్ళు. బంగళాలో ఎత్తు మెట్లు, దొరసాని పియానో, కేకు, క్రిస్మస్‌కి వచ్చే కొత్త చీర. దొరసానే ఆమెకి చదవడం నేర్పింది. మా నాన్నని హాస్టల్లో వేసి ఫీజు కట్టింది కూడా ఆ దొరసానే, మా నాన్న చదవకపోతే నేను నర్సునయ్యేదాన్నా? కాబట్టి ఇంట్లో ఆమె ఫోటో ఉంది, ఇప్పటికీ.

మొన్న వేసవిలో రెండు రాత్రులు నాయనమ్మ పక్కన పడుకున్నాను, ఆ ప్రశ్న ఎందుకడిగావు అని కదిపాను. అప్పుడు చెప్పింది. దొరసానికి ఇద్దరు పిల్లలు, పెద్దబాబుకి ఆరేళ్ళు రాగానే కొడైకెనాల్ బడికి పంపించేశారు. మిషనరీల పిల్లల కోసం 1901లో పెట్టిన బడి అది, అందరూ అక్కడికే పంపేవాళ్ళట. ఒంగోలు స్టేషన్లో మద్రాసు బండి ఎక్కిస్తుంటే వాడు ఏడ్చి ఏడ్చి కొంగు పట్టుకున్నాడట. "నా కొంగే. ఆమెకి కొంగు యాడుందీ, గౌను గదా." దొరసాని ఏడవలేదట, బంగళాకి వచ్చాక గదిలో తలుపేసుకుని రెండు పూటలు బయటికి రాలేదట. నాయనమ్మ అన్నం తీసుకెళ్ళి తలుపు ముందు పెట్టింది.

"మరి నాన్న ఎక్కడున్నాడు అప్పుడు?" అని అడిగాను. మా నాన్న అప్పటికి ఏడాది పిల్లాడు.

పల్లెలో వాళ్ళ అమ్మమ్మ దగ్గర. నెలకోసారి వెళ్ళి చూసొచ్చేది. బంగళాలోకి సొంత పిల్లల్ని తీసుకురాకూడదని ఎవరూ అనలేదట, తీసుకురమ్మని కూడా ఎవరూ అనలేదు. "మీ నాయన్ని ఎత్తుకున్న దానికంటే ఆ బాబునే ఎక్కువ ఎత్తుకున్నా" అంది. కోపంగా అనలేదు. రేషన్ బియ్యం ఎన్ని కిలోలు వచ్చాయో చెప్పినట్టు చెప్పింది. "ఆమె మంచిదే" అని కూడా అంది, రెండుసార్లు.

ఆ రాత్రి నుంచి నాకు అర్థమైంది నేను దేన్ని చూసి భయపడుతున్నానో. పులులూ లేవు, నరమాంస భక్షకులూ లేరు (అడిగిన చుట్టం ఉన్నాడు, ఒట్టు). నా భయమల్లా నేను దొరసానినైపోతానేమోనని. దానికి తెల్ల రంగు అక్కర్లేదు. అక్కడ మేము "మూయిండీ". కంపాలాలో ఇండియా వాళ్ళని పిలిచే పేరు అది, అరువాలో ఏమంటారో వెళ్ళాక తెలుస్తుంది. వాళ్ళకి ఇండియా మనిషి అంటే షాపు యజమాని, ఫ్యాక్టరీ యజమాని. 1972లో అప్పటి ఉగాండా నియంత ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఏషియా వాళ్ళని వెళ్ళగొట్టాడని మనకి తెలుసు, ఆ అన్యాయం సినిమా కథలా మనకి చెప్తారు. అమీన్ వాళ్ళ సొంత జనం ఉండే కొబోకో అరువా పక్కనే. అప్పటికి దుకాణాలన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో, కౌంటర్ వెనక నుంచి ఆఫ్రికా వాళ్ళతో ఎలా మాట్లాడేవాళ్ళో ఆ కథ మనం వినం. అన్యాయం అన్యాయమే, నేను సమర్థించట్లేదు. మా ఆయన పానా పట్టుకుని వెళ్ళినా, మొదటి రోజు నుంచే ఆయన్ని "బాస్" అంటారని ముందే చెప్పారు మాకు. మాదిగపల్లెలో పుట్టి, చిన్నప్పుడు ఊరి బోరింగు దగ్గర బిందె దూరం పెట్టించుకున్న మనిషిని బాస్ అంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఆయనకి నచ్చుతుందేమోనని ఆయనకే భయం.

క్లౌ దొర గురించి ఒక సంగతి నాకు ఎప్పుడూ ఇష్టం. కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేల మందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని. 2,222 అంకె అందరికీ నోటికొచ్చు, అంతకు ముందు ఏడాదికి పైగా ఉన్న ఆ సున్నా ఎవరికీ గుర్తులేదు. నీళ్ళ కోసం నిలబడిన వాళ్ళకి బోరింగు దగ్గర కరపత్రాలు పంచకూడదు అన్నది మా ఇద్దరి ఒప్పందం. ఇది విని ఒక సంఘం వాళ్ళు సపోర్టు వెనక్కి తీసుకున్నారు, సువార్త చెప్పకపోతే మిషనరీలేంటి అని. చెప్తాం, అడిగితే చెప్తాం, ఆదివారం గుడిలో చెప్తాం, మా ఇంట్లో కూర్చుని చెప్తాం. నీళ్ళ క్యూలో చెప్పం. బిందె నిండేదాకా కదల్లేని మనిషికి చెప్పడం ఏం చెప్పడం?

పాపని బోర్డింగుకి పంపేది లేదు. ఇది మాత్రం తేల్చుకున్నాం. ఉగాండాలో బోర్డింగ్ స్కూళ్ళు చాలా మామూలు, కంపాలాలో మంచివి ఉన్నాయి, పంపించమని సలహా కూడా ఇచ్చారు. వద్దు. అరువాలోనే ఇంగ్లీష్ మీడియం స్కూలు ఉంది, అక్కడి పిల్లలతో పాటే పీ1లో, అంటే ఒకటో క్లాసులో, చేరుతుంది, ఏడో క్లాసు దాకా అక్కడ ప్రైమరీయేనట. తెలుగు నేనే నేర్పాలి. గుణింతాల పుస్తకాలు నాలుగు కొన్నాను.

ఆయా సంగతే తేలట్లేదు. ఇద్దరం పనికి పోతే బాబుని ఎవరు చూస్తారు? ఎవర్నీ పెట్టుకోను, నేనే సగం రోజు పనిచేస్తాను అని అరువా ఆవిడకి చెప్తే మళ్ళీ నవ్వింది. "నీ దగ్గర డబ్బుండి కూడా ఒక మనిషికి పని ఇవ్వకపోతే నిన్ను మంచిదని ఎవరూ అనుకోరు, పిసినారి అనుకుంటారు" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. అందుకని నేనో ప్లాన్ వేసుకున్నాను, పెట్టుకుంటే సరైన జీతం ఇవ్వాలి, ఆమెకి చిన్న పిల్లలుంటే వాళ్ళని మా ఇంటికే తెచ్చుకోమనాలి, బాబుతో పాటు ఆడుకుంటారు, అందరం ఒకచోటే తినాలి. పోయిన ఆదివారం ఇదంతా నాయనమ్మ చెవి దగ్గర గట్టిగా చెప్పాను, పరీక్ష రాసి మార్కుల కోసం చూసే పిల్లలా.

మొత్తం వింది. "దొరసానమ్మ కూడా మొదట్లో అట్నే అంది" అంది.

ఇక దాని మీద నేనేం చెప్పాలి. లేచి వంటింట్లోకి పోయాను. ఆ రోజు అమ్మ గోంగూర పప్పు చేసింది, వెళ్ళేలోపు తినాల్సినవన్నీ తినిపించాలని వారానికోసారి జాబితా ప్రకారం చేస్తోంది. చింతపండు అయిదు కిలోలు సర్దిపెట్టింది, బ్యాగుకి 23 కిలోల లెక్కలో అది ఎక్కడ పట్టేది? అమ్మా, చింతచెట్టు అసలు పుట్టిందే ఆఫ్రికాలో, అక్కడ చెట్ల నిండా కాస్తాయట అంటే నమ్మలేదు. గోంగూర కూడా ఉంటుంది, మలాక్వాంగ్ అంటారు, వేరుశనగ ముద్ద వేసి వండుతారని వీడియో చూపిస్తే మాత్రం ఫోను లాక్కుని మూడుసార్లు చూసింది. "ఎండు మిరపకాయలు వెయ్యలేదు" అని తేల్చింది. సరే, చింతపండు రెండు కిలోలకి దిగింది, ఆ జాగాలో ఎండు మిరపకాయలు వచ్చాయి.

అన్నాలప్పుడు పాప నాయనమ్మ కంచంలో గోంగూర వడ్డించి, థాంక్స్ ఇలా చెప్పాలి తాతమ్మా అని నేర్పించింది. నాయనమ్మకి మొదటిసారి వినపడలేదు. రెండోసారి "అవ్వా... దిప్పూ" అంది. పాప కాదు, అ-వా-ది-ఫో అంది. "అదేలేవే. ఇంకొంచెం నూనె వెయ్యి."